చివరి చెంబు

మా వదినకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది. అది ఎవరికీ అక్కర్లేదు. సముద్రపొడ్డున ఎవరిని అడిగినా చెంబమ్మ అంటేనే దారి చూపిస్తారు. మా అన్నయ్య కూడా కోపమొచ్చినప్పుడు ఆ పేరుతోనే పిలుస్తాడు. పిలిచి వెంటనే పక్కకు తప్పుకుంటాడు, ఎందుకంటే ఆ చెంబు ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉంటుంది.

మాది స్నానాల షెడ్డు. పైన రేకులు, కింద నాపరాళ్లు, మధ్యలో చెక్క గదులు. తలుపులు భుజాల ఎత్తే ఉంటాయి. సముద్రంలో మునిగి, ఒంటినిండా ఉప్పూ ఇసుకా అంటించుకుని వచ్చినవాళ్లు మా దగ్గర మంచినీళ్లతో కడుక్కుని, పొడిబట్టలు కట్టుకుని బస్సెక్కుతారు. షెడ్డు పక్కనే బావి. రాయి విసిరితే అలల్లో పడేంత దగ్గర్లో ఉన్నా ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి. ఎందుకని నన్నడగకండి, అన్నయ్యని అడగండి. అడిగితే మాత్రం ఆ పూట మీకు వేరే పని లేకుండా చూసుకోండి.

షెడ్డు గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చునేది నేను. ఎవరి వంతు ఎప్పుడో చెప్పడం, వరస తప్పినవాళ్లకు బుద్ధి చెప్పడం నా పని. నా నోట్లో నువ్వుగింజ నానదని వదిన అంటుంది. నానబెట్టడానికి నువ్వులెవరు ఇచ్చారని నేనంటాను.

ఇక చెంబు సంగతి. మొదట్లో జనం బావిని ఊడ్చేసేవాళ్లు. "చాలమ్మా, వెనకాల మనుషులున్నారు" అని నేను అరిస్తే, పంతానికి ఇంకో రెండు బకెట్లు పోసుకునేవాళ్లు. మధ్యాహ్నానికి బావిలో బురద తేలేది. ఒకరోజు ఒక ముసలావిడకు వీపు మీద ఇసుక వదలకపోతే వదిన పీట వేసుకుని తలుపు మీదుగా ఒక్క చెంబుడు నీళ్లు నెత్తిన పోసి, "ఉప్పంతా పోయింది తల్లీ, హాయిగా వెళ్లిరా" అంది. ఆవిడ మారుమాట లేకుండా తుడుచుకుని బయటికొచ్చేసింది. ఒకరి చేత్తో నెత్తిన నీళ్లు పోయించుకున్నాక ఇంకో బకెట్ అడగడానికి ఎవరికీ నోరు రాదు. ఆ కిటుకు వదినకి దొరికింది. అప్పటినుంచి అదే పద్ధతి. మనిషికి రెండు బకెట్లు, ఆ పైన వదిన చేతి చివరి చెంబు. పోసేటప్పుడు మర్యాద కోసం మొహం సముద్రం వైపు తిప్పుకుంటుంది. చెయ్యి మాత్రం గురి తప్పదు. మగవాళ్ల గదుల వైపు ఆ పని అన్నయ్యది. ఆయన మాటలేమీ అనడు, గొంతు సవరించుకుంటాడు, అంతే.

ఇలా మా బతుకేదో మేం బతుకుతుంటే తీరం మేడమ్ దిగింది.

ఆవిడ పర్యాటక శాఖలో పెద్ద అధికారిణి. గంజి పెట్టిన బట్టలు, నల్లకళ్లద్దాలు, ముక్కు మీద కోపం. తీరమంతా తిరిగి కొలతలు తీయించేసరికి ఊళ్లోవాళ్లు ఆ పేరు పెట్టేశారు. ఉత్తరం వైపు కొత్తగా పెద్ద హోటలు కట్టారు. దాంట్లో దిగేవాళ్లు ఒక్కొక్కరు బస్సెడు జనం పెట్టే ఖర్చు పెడతారట. అందుకని సముద్రపొడ్డును రెండుగా పంచుతున్నామని ఆవిడ మా అందరినీ పిలిచి చెప్పింది. ఉత్తరం హోటలు అతిథులకి, దక్షిణం బస్సుల వాళ్లకి, మధ్యలో తాడు.

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మీకే సామెత ఉంది కదా. తీరం కూడా అంతే. ఇంతమంది తొక్కితే ఏం మిగులుతుంది?" అంది.

అబద్ధమేం కాదు. సెలవుల్లో బస్సులన్నీ ఒక్కసారే దిగితే ఇసుక మీద కాలు పెట్టడానికి చోటుండదు. వాళ్లు వెళ్లాక మిగిలిన చెత్త ఎత్తేది మేమే. నేను తల ఊపబోతుంటే వదిన లేచి నిలబడింది.

"మజ్జిగ పలచనైతే ఇంకాస్త ఉప్పేసుకుంటాం గానీ, వచ్చినవాళ్లని గుమ్మంలోంచి తరుముతామా అమ్మా?"

అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. తాడు మా షెడ్డుకి దక్షిణం గోడను రాసుకుంటూ పోతుందని తాపీగా చెప్పింది. అంటే షెడ్డూ బావీ రెండూ హోటలు వైపు పడ్డాయి. షెడ్డు ఉండాలంటే హోటలు తీరుకు తగ్గట్టు మారాలి, బస్సులవాళ్లని రానివ్వకూడదు. వాళ్లకి బస్సులు ఆగే చోటు వెనకాల కొళాయి ఉందట. ఆ కొళాయి నాకు తెలుసు, అందులోంచి నీళ్ల కంటే గాలే ఎక్కువొస్తుంది. మారకపోతే షెడ్డు తీసేస్తారు. ఏ సంగతీ తనే వచ్చి చూసి తేలుస్తానంది.

ఇంటికొచ్చాక వదిన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయింది. షెడ్డు పోతే మాకు ఇంకో పని చేతకాదు. ఉంచుకుంటే, ఎండలో పడి ఎక్కడెక్కడినుంచో వచ్చిన వాళ్లని ఉప్పు ఒళ్లతో బస్సెక్కించాలి. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆవిడ బతుకు.

"రెండు గుమ్మాలు పెడదాం" అంది ఉన్నట్టుండి. "అటువైపు నాలుగు గదులు హోటలు వాళ్లకి. ఇటు, తాడు వైపు, బస్సులవాళ్లకి ఎప్పట్లాగే. తాడు వాళ్లిష్టం వచ్చినచోట కట్టుకోనీ, మన తలుపు మనిష్టం."

"రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో తెలుసా వదినా?"

"తెలుసు పిల్లా. నేను పెట్టేది పడవల మీద కాదు, నా సొంత నేల మీద."

నాకు నలభై దాటింది. ఆవిడకి ఇంకా పిల్లనే.

అన్నయ్యకి పైపుల పనంటే పండగ. హోటలు వైపు గదులకి తెల్ల సున్నం వేసి, నెత్తిమీద జల్లు గొట్టాలు బిగించి, అద్దాలు తగిలించాడు. వదిన తెల్ల తువ్వాళ్లు ఉతికి మడతలు పెట్టింది. మధ్యలో చెక్క అడ్డుగోడ. ఇటు నా అరుపులు, అటు పిల్లి నడక. హోటలు మేనేజరు వచ్చి చూసి, "అతిథులతో మాట్లాడకండి, ముట్టుకోకండి, అసలు కనిపించకండి" అని చెప్పిపోయాడు. కనిపించకుండా తువ్వాలెలా ఇవ్వాలో మాత్రం చెప్పలేదు.

మొదటి వారంలోనే కొంప మునిగింది. బస్సులవాళ్లు దిగకముందే బావి అడుగంటింది. అన్నయ్య నూతిలోకి తొంగి చూసి నోరు తెరిచాడు. పదిమంది కూడా లేరు హోటలువాళ్లు, కానీ జల్లు కింద నిలబడి పాటలు పాడుకుంటూ కదలరు. బస్సెడు మంది వాడే నీళ్లు ఆ పదిమంది ఒంటిమీదనుంచి జారి కాలవలోకి పోతున్నాయి.

"మంది తక్కువైతే మజ్జిగ చిక్కన అవుతుందన్నారుగా, అసలు మజ్జిగే లేకుండా పోయిందేం?" అన్నాను.

"నువ్వు కాసేపు నోరు మూస్తావా?" అంది వదిన. ఆవిడ చూపు చెంబు మీద ఉంది.

మర్నాడు హోటలు వైపు ఒకావిడ జల్లు కింద చాలాసేపు ఉన్నాక, అన్నయ్య వెనకనుంచి నీళ్లు కట్టేశాడు. ఆవిడ "అరె, ఏమైంది?" అనేలోపు వదిన పీటెక్కి, మొహం తిప్పుకుని, తలుపు మీదుగా ఒక చెంబుడు పోసి, మేనేజరు భయానికి గుసగుసగా, "ఉప్పంతా పోయింది తల్లీ, హాయిగా వెళ్లిరా" అంది. నేను అడ్డుగోడ అవతల చెవులు మూసుకున్నాను. కేకలు వస్తాయనుకున్నా. నవ్వు వినిపించింది.

ఆవిడ హోటలుకి వెళ్లి ఏం చెప్పిందో గానీ, మర్నాటినుంచి వచ్చినవాళ్లంతా జల్లు తొందరగా ముగించి చెంబు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు. అదేదో ఇక్కడి ప్రత్యేక సేవ అనుకున్నారు. మేనేజరు వచ్చి, "మీరు పెట్టిన కొత్త సేవ బాగుందండీ" అన్నాడు మొహం నిండా నవ్వుతో. వదిన కనిపించకూడదు కాబట్టి తలుపు వెనకనుంచే దణ్ణం పెట్టింది. బావి మళ్లీ నిలదొక్కుకుంది.

ఇక అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒక మధ్యాహ్నం తీరం మేడమ్ చెప్పాపెట్టకుండా ఊడిపడింది. కారు హోటలు దగ్గర ఆపి, నడుచుకుంటూ మా షెడ్డు హోటలు వైపు గుమ్మంలోంచి వచ్చింది. ఆ సమయంలో నా దగ్గర రెండు బస్సుల జనం. వదిన బావి దగ్గర ఉంది. ఎవరూ చూడలేదు. ఆవిడ చివరి గదిలోకి వెళ్లి, తలుపేసి, పక్కకి నిలబడి జల్లు తిప్పింది. నీళ్లు ఎలా వస్తున్నాయో, ఎంతసేపు వస్తాయో చూద్దామని అలాగే వదిలేసింది. అధికారి కదా, పరీక్షించాలి.

వదినకి వినిపించింది నీళ్ల చప్పుడొక్కటే. ఇంకా, ఇంకా, ఇంకా. "ఎవరో ఈ మహాతల్లి బావిని తాగేస్తోంది" అని అన్నయ్యకి సైగ చేసింది. అన్నయ్య కట్టేశాడు. లోపల మేడమ్ నీళ్లెందుకు ఆగాయా అని గొట్టం కిందికి వచ్చి తలెత్తి చూస్తోంది. వదిన పీటెక్కింది, అలవాటు ప్రకారం మొహం సముద్రం వైపు తిప్పుకుంది, నిండు చెంబు బోర్లించింది.

"ఉప్పంతా పోయింది తల్లీ, హాయిగా..."

ఆ తర్వాత వచ్చిన కేక బస్సుల దాకా వినిపించిందంటారు. నేను బల్ల దూకి పరిగెత్తాను. తలుపు తెరుచుకుంది. గంజి బట్టలు ఒంటికి అతుక్కుపోయి, జుట్టు మొహం మీద పడి, నల్లకళ్లద్దాలు ఒక చెవికి వేలాడుతూ తీరం మేడమ్. పీట మీద చెంబుతో మా వదిన, రాయిలా. అయిపోయింది, షెడ్డు గోవిందా అనుకున్నాను.

"నీకు కళ్లున్నాయా?" అంది మేడమ్.

"ఉన్నాయమ్మా. అటు తిప్పుకున్నాను" అంది వదిన సముద్రం వైపు చూపిస్తూ. ఏం చెప్పాలో తెలియక ఉన్నమాట చెప్పేసింది.

ఆ తడిబట్టలతో ఆవిడ నడిచేలా లేదు. మా దగ్గర జనం మరిచిపోయి వెళ్లిన బట్టల మూట ఒకటి ఉంటుంది, వదిన ఉతికి దాస్తుంది, ఎవరైనా మళ్లీ వస్తే ఇద్దామని. అందులో ఆవిడకి సరిపడేవి రెండే దొరికాయి. చిలకల బొమ్మలున్న ఒక చొక్కా, రంగు వెలిసిన ఒక లాగు. పళ్లు కొరుక్కుంటూ వేసుకుంది. తడిసిన బట్టలూ సంచీ వదినకిచ్చి ఆరబెట్టమని, కారులో వేరే బట్టలున్నాయని హోటలు వైపు బయల్దేరింది. ఆవిడ తడి చెప్పులు పట్టుకుని వెనకాలే నేను.

హోటలు ఆవరణ మొదట్లోనే కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, ఇటు రాకూడదు. బస్సులవాళ్లు అటు తిరిగి వెళ్లాలి."

"నేనెవరో తెలుసా?"

"ఎవరైనా సరే అమ్మా. తీరం మేడమ్ ఆర్డరు. బట్టలు చూసి పంపెయ్యమన్నారు."

నాకు నవ్వాపుకోవడం ప్రాణసంకటమైంది. అయినా మా షెడ్డు గుర్తొచ్చి బుద్ధిగా అన్నాను. "ఒరే నాయనా, ఈవిడే తీరం మేడమ్. వదులు."

వాడు నావంక చూసి పకపకా నవ్వాడు. "అక్కా, పరాచికాలు నా దగ్గర కాదు. మొన్న ఒకావిడని మంత్రిగారి వియ్యపురాలని చెప్పి లోపలికి పంపావు. ఆవిడ మీ ఇంటిపక్కావిడని తర్వాత తెలిసింది."

అది నిజమే. ఆవిడకి హోటలు చూడాలని కోరిక, నాకు చూపించాలని సరదా.

మేడమ్ ఒంటిమీద చిలకల వంక చూసుకుంది. వాణ్ని తిట్టడానికి లేదు, ఆవిడ మాటే వాడు తుచ తప్పకుండా పాటిస్తున్నాడు. పక్కనుంచి హోటలు అతిథులిద్దరు వెళ్తూ ఆవిణ్ని చూసి కాస్త దూరంగా జరిగారు. ఆ జరగడం ఆవిడ చూసింది. ఆవిడ మొహం మెడదాకా ఎర్రబడడం నేను చూశాను. పాపం అనిపించింది, నిజం చెప్పాలంటే.

వెనక్కి వచ్చి బస్సులవాళ్ల గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుంది. వదిన ఆవిడ బట్టలు తీగ మీద ఆరేసింది. సముద్రం గాలికి అవి ఆరేదాకా ఆవిడకి వేరే దారి లేదు. పక్కన బస్సులో వచ్చిన పెద్దావిడ ఒకామె తలారబెట్టుకుంటోంది.

"మీది ఏ బస్సమ్మా?" అని అడిగింది.

మేడమ్ చిలకల చొక్కా అంచు కిందికి లాక్కుంది.

"మాది చాలా దూరం. ఇదే మొదటిసారి సముద్రం చూడ్డం. నా మనవరాలు టీవీలో చూపిస్తే ఇంతే అనుకున్నా. ఇంతా అని తెలీదు. మళ్లీ వస్తానో రానో, అందుకే కళ్లార్పకుండా చూసుకుంటున్నా. ఆ చెంబావిడ నెత్తిన నీళ్లు పోసిందా, మా అమ్మే గుర్తొచ్చింది నాకు. నువ్వు పోయించుకున్నావా?"

"పోయించుకున్నాను" అంది మేడమ్.

"బాగుంది కదూ?"

మేడమ్ తడి జుట్టు వెనక్కి తోసుకుని సముద్రం వైపు చూసింది. బట్టలారాక కట్టుకుని, చిలకల చొక్కా మడతపెట్టి బల్ల మీద పెట్టి, సంచీ తీసుకుంది. వదిన ఎదురెళ్లింది. చేతిలో చెంబు లేదు, చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు వేలాడుతున్నాయి.

"తీసేస్తారామ్మా?"

"నాకింకా కోపం తగ్గలేదు. ఇప్పుడేం అడక్కు" అని వెళ్లిపోయింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో మాకే తెలియాలి. వదిన చెంబు పోస్తూనే ఉంది గానీ గొంతులో జీవం లేదు. అన్నయ్య పైపులు విప్పి మళ్లీ బిగించేవాడు. "నువ్వొక్కసారి గదిలోకి తిరిగి చూస్తే నీ సొమ్మేం పోయేది?" అని నేను వదినని సాధించాను. "చూస్తే ఎవరు స్నానానికొస్తారే?" అంది. అది నిజమే కాబట్టి ఇంకాస్త గట్టిగా సాధించాను.

ఒక పొద్దున్నే ఇద్దరు మనుషులు గునపాలతో వచ్చారు. వెనకాల తీరం మేడమ్. వదిన వాళ్లని చూడగానే పరిగెత్తి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. పెద్ద మనిషి, ఆయాసపడుతూ, ఏడుపు మింగుకుంటూ.

"నన్ను పెకలించాక తియ్యండి" అంది.

వాళ్లు ఆవిడ వంక వింతగా చూసి, షెడ్డు గోడ పక్కనున్న తాడు గుంజ చుట్టూ ఇసుక తవ్వారు. గుంజ పీకి భుజాన వేసుకున్నారు. ఉత్తరం వైపు నడిచారు. షెడ్డు దాటారు, బావి దాటారు, హోటలు ఆవరణ మొదలయ్యే దాకా వెళ్లి అక్కడ పాతారు.

"తాడు హోటలు సొంత స్థలం అంచున ఉంటుంది. ఇసుకంతా అందరిదీ" అంది మేడమ్. "అలాగని బస్సులన్నీ ఒక్కసారే దించితే ఊరుకోను. పొద్దున సగం, మధ్యాహ్నం సగం. చెత్త ఎవరిది వాళ్లే తీసుకుపోవాలి. ఆ జల్లు గొట్టాలు పీకేయండి, హోటలు వాళ్లకీ బకెట్లే. రెండు గుమ్మాలూ ఉంచుకోండి, గోలంటే పడనివాళ్లు కూడా మనుషులే. ఇంకొకటి..."

"చెప్పండమ్మా."

"పోసేముందు ఒకసారి పిలిచి పొయ్యి."

ఆవిడ వెళ్లిపోయాక వదిన నావైపు తిరిగింది. "చూశావా పిల్లా, నేను ఆవిడ నెత్తిన నీళ్లు పోస్తే ఆవిడ నా నెత్తిన పాలు పోసింది!" అని పెద్దగా నవ్వి, ఆ నవ్వులోనే వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ సాయంత్రం ఆఖరి బస్సు వెళ్లాక వదిన షెడ్డు మూయకుండా తిన్నగా సముద్రంలోకి నడిచింది. మాలాంటి వాళ్లకి సముద్రంలో దిగే తీరిక ఎక్కడుంటుంది? పెళ్లై వచ్చినప్పటినుంచి ఆవిడ మోకాళ్లు దాటి నీళ్లలోకి వెళ్లడం నేను చూడలేదు. ఆ రోజు నిండా మునిగింది. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా కేకలు. హోటలువాళ్లు చూస్తున్నారని అరిచాను, వినిపించుకుంటేగా.

వచ్చి బస్సులవాళ్ల గుమ్మం వైపు గదిలో దూరింది. రెండు బకెట్లు పోసుకుంది. నీళ్ల చప్పుడు ఆగింది. మనిషి మాత్రం బయటికి రాలేదు.

"ఏం వదినా, నిద్రపోయావా?"

"చెంబు బావి గట్టు మీద ఉంది" అంది లోపలినుంచి.

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఇన్నేళ్లలో ఇంతమంది నెత్తిన పోసింది గానీ, ఆవిడకి పోసినవాళ్లు లేరు. చెంబు ముంచుకొచ్చి పీటెక్కాను. ఆవిడలాగే మొహం సముద్రం వైపు తిప్పుకుని మెల్లగా పోశాను.

"మాటేదే?" అంది. "ఊరందరినీ నోటితో కడిగేస్తావు, నాకు ఒక్క మాట రాదూ?"

ఖాళీ చెంబు రెండు చేతులతో పట్టుకుని అన్నాను.

"ఉప్పంతా పోయింది వదినా." తర్వాత అనాల్సిన మాట నాకు నచ్చలేదు, మార్చేశాను. "హాయిగా ఇక్కడే ఉండు."